నోరు జారితే మధ్యమావతి

మా మామయ్యగారి సంగీతానికి నెల మొత్తం మీద నాలుగే ఫోన్లు వచ్చాయని తేలిన రోజున మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. ఆ నాలుగింటిలో ఒకటి రాంగ్ నంబరు. బెల్లం రేటు ఎంత పలుకుతోందని అడగడానికి చేశాడట.

పోయిన మాఘమాసం సంగతి ఇది. చెరకు నరుకులు జోరు మీదున్నాయి. అనకాపల్లి చుట్టూ ఏ ఊరికి వెళ్ళినా గానుగల దగ్గర పాకం వాసన, ఆ వాసన మీదుగా జడ్పీటీసీ ఎన్నికల ఆటోల మైకులు. మా పల్లెగొంతు రేడియో కూడా ఆ వేడిలోనే ఉంది. మహిళా సంఘం డాబా మీద రెండు గదులు, ఒక టవరు, అదే మా స్టేషను. పాతిక ఊళ్ళకు వినిపిస్తుంది. అందులో నేను కన్సోలు దగ్గర కూర్చుంటాను. ఎవరి మైకు తెరవాలో, ఎవరిది మూయాలో, ఏ పాట ఎప్పుడు వెయ్యాలో అంతా నా వేళ్ళ కిందే. ఇంట్లో నేను కోడల్ని, అక్కడ అత్తామామల గొంతు నొక్కే అధికారం నాది. ఇంతకన్నా ఏ కోడలికైనా ఏం కావాలి?

మామయ్యగారి పేరు సూరిబాబు. ముప్పై ఏళ్ళు బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారం చేసి, దుకాణం తమ్ముడికి అప్పగించి, ఫిడేలు పట్టుకున్నారు. పొద్దున్న అయిదున్నరకు అరగంట శాస్త్రీయ సంగీతం ఆయనది. ఎనిమిదింటికి అరగంట ‘అడిగేద్దాం’ మా అత్తయ్యగారు రామతులసిది. రోడ్డు, కాలువ, మంచినీళ్ళు, రేషను, ఏదైనా సరే, జనం ఫోను చేసి చెప్పుకుంటారు. ఆవిడ సంబంధిత ఆఫీసరుని లైన్లోకి పిలిచి నిలదీస్తారు. టీ కొట్లలో, గానుగల దగ్గర, అచ్యుతాపురం వెళ్ళే కంపెనీ బస్సుల్లో ఆ అరగంట ఇంకో మాట వినబడదు. ఆవిడ అడిగినదానికి జవాబు తోచక ఒక ఇంజనీరు ఫోను బకెట్లో పడేసుకున్నాడని చెప్పుకుంటారు.

కమిటీ మీటింగులో ప్రెసిడెంటు దేముడమ్మ ఫోన్ల పుస్తకం తెరిచింది. ఆవిడ చెరకు రైతు. మాటకి ముందు చీర కొంగు దోపుకోవడం అలవాటు, ఆ రోజు రెండుసార్లు దోపుకుంది.

“బాబూ, మీరు కోప్పడకూడదు. అయిదున్నరకి మావోళ్ళు పొలం కాడన్నా ఉంటారు, ముసుగుతన్ని తొంగోనన్నా ఉంటారు. ఇనేవోళ్ళు నేరు. ఆ అరగంట ఏదన్నా పనికొచ్చేది ఏద్దారనుకుంటన్నాం. పశువుల రోగాల గురించి ఒక డాట్రుగారు సెప్తానంటన్నారు.”

“పనికొచ్చేది,” అన్నారు మామయ్యగారు, నోట్లో బెల్లం ముక్క రుచి చూసినట్టు ఆ మాటను అటూ ఇటూ తిప్పి.

దేముడమ్మ మనసు మెత్తన. “సరే, ఎలచ్చన్ల దాకా ఉంచుతాం. ఈలోపల యాభై ఫోన్లు రావాల. పాట గురించే రావాల. మీ ఇంట్లోవోళ్ళు సేత్తే లెక్క నేదు.”

ఆ మీటింగులోనే ఇంకో తీర్మానం కూడా అయింది. మా లైసెన్సుకి రాజకీయాలు పడవు. సమస్యలు మాట్లాడుకోవచ్చు, పార్టీ పేరో, పోటీలో ఉన్నవాళ్ళ పేరో గాలిలోకి పోతే మాత్రం స్టేషనుకే తాళం పడే ముప్పుంది. అందుకని ఎన్నికలయ్యేదాకా, ఫోను చేసినవాడు పేరెత్తితే ఆ లైను కోసేసి, కార్యక్రమం టైము అయ్యేదాకా సంగీతం వెయ్యాలి. మళ్ళీ లైను తెరిస్తే ఇంకోడు ఇంకో పేరు అంటాడు కదా. కార్యక్రమం నడిపేవాళ్ళే పేరెత్తితే ఆరు నెలలు మైకు ముట్టుకోకూడదు. అత్తయ్యగారు నవ్వి సంతకం పెట్టేశారు. నాలుగేళ్ళలో ఆవిడ నోట అక్కర్లేని మాట ఒక్కటి రాలేదు.

నాలుగో రోజునే మొదటి కోత పడింది. కొండకర్ల నుంచి ఎర్రయ్య అనే రైతు లైన్లోకి వచ్చాడు.

“అమ్మా, మా ఆవ చెరువు నిండా గుర్రపుడెక్క అల్లేసింది. దోనె కదలదు. మూడేళ్ళ కిందట తీయించేత్తానని మాటిచ్చినోడు ఎవుడో సెప్పమంటారా? దేవీప్రసా...”

దేవీప్రసాద్ అంటే పోటీలో ఉన్న ఇద్దరిలో ఒకాయన. నా చెయ్యి దానంతటదే లైను మీద పడింది. కంగారులో చేతికందిన ఫైలు నొక్కాను. మర్నాటికని పెట్టుకున్న మామయ్యగారి మోహన రాగం. ఎనిమిదీ పదిహేడు నుంచి ఎనిమిదిన్నర దాకా పాతిక ఊళ్ళలో టీ తాగేవాళ్ళూ, చెరకు ఆడేవాళ్ళూ, బస్సుల్లో వేలాడేవాళ్ళూ మా మామయ్యగారి ఫిడేలు విన్నారు. కట్టెయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఎర్రయ్య మళ్ళీ వస్తాడేమోనని ఆశ.

ఆ తర్వాత ఫోన్లే ఫోన్లు. ఎర్రయ్య ఇంకా ఏటన్నాడు అని పద్దెనిమిది మంది. పంతొమ్మిదో గొంతు ఒక పెద్దాయనది. “ఆ ఫిడేలు వాయించినాయన ఎవరండీ? చెయ్యి బాగుంది,” అన్నారు. ఆ మాట ఇంటికొచ్చి చెబితే మామయ్యగారు రెండోసారి చెప్పించుకున్నారు. తర్వాత మజ్జిగ తాగుతూ మూడోసారి చెప్పించుకున్నారు.

అది మొదలు. ఎన్నికల రోజుల్లో జనం నోటికి కళ్ళెం ఎక్కడుంటుంది? రెండు రోజులకొకరు నోరు జారేవారు, నేను కోసేదాన్ని, మామయ్యగారు మోగేవారు. పూడిమడక నుంచి చేపలు తెచ్చి టౌన్లో అమ్మే పైడితల్లి ఒక రోజు ఫోను చేసింది.

“అమ్మా, నిన్న మీరేసిన పాట ఇనుకుంటా అమ్మితే గంపలో ఒక్క సేపా మిగల్లేదు. మళ్ళీ ఎప్పుడేత్తారు?”

ఆ సమయానికి స్టేషనులోనే ఉన్న మామయ్యగారు ఫోను అందుకున్నారు. “అమ్మా, దాన్ని కల్యాణి అంటారు. సంపూర్ణ రాగం. అందులో మధ్యమం...”

“పేరు నాకెందుకు బాబూ, ఎప్పుడేత్తారో సెప్పండి.”

పుస్తకంలో లెక్క ఇరవై దాటింది, ముప్పై దాటింది. మామయ్యగారికి కొత్త యావ పట్టుకుంది. రేపటి అంశం ఏమిటని ముందు రోజే నన్ను అడిగేవారు. “మంచినీళ్ళ ట్యాంకా? అయితే ఎవరో ఒకరు పేరెత్తకుండా ఉండరు. అమృతవర్షిణి సిద్ధంగా పెట్టుకో అమ్మా.”

అత్తయ్యగారికి ఒళ్ళు మండింది. అందులో న్యాయం లేకపోలేదు. ఆయనకి అయిదు నిమిషాలు కలిసొచ్చిందంటే ఆవిడకి అయిదు నిమిషాలు పోయినట్టే.

“నా ప్రోగ్రాం ఎప్పుడు పాడవుద్దా అని కాసుక్కూచున్నారు. మధ్యలో ఆగిపోతే కాలవ ఎవరు తవ్విత్తారండీ? మీ మోహన తవ్విత్తాదా?”

“నేనేటి చేసేను తులసీ? పేర్లెత్తింది నేనా?”

“ఎత్తినోళ్ళకి మనసులో దండం పెట్టుకుంటన్నారు కదా.”

ఆయన కాదనలేదు. అబద్ధం ఆడే అలవాటు వ్యాపారంతోనే వదిలేశానని అంటూంటారు. నాకు మాత్రం ఇద్దరి మధ్యా ఇరకాటంగా ఉండేది. మామయ్యగారు గెలవాలనీ ఉంది, అత్తయ్యగారు ఓడకూడదనీ ఉంది. మా ఆయన ఫణీంద్ర కంపెనీ బస్సులో ఇవన్నీ విని, ఇంటికొచ్చి ఎవరి పక్షమూ పట్టకుండా పడుకునేవాడు. తెలివైనవాడు.

లెక్క ముప్పై తొమ్మిది మీదుండగా ఫిర్యాదు వచ్చింది. దేవీప్రసాద్ తరఫు ఏజెంటు త్రినాథ్ మా కోతలన్నీ సెల్‌ఫోనులో రికార్డు చేసి, టౌన్లో ఎవరో సంగీతం మేస్టారి దగ్గరికి పట్టుకెళ్ళి రాగాలు తెలుసుకున్నాడు. ఆ పైన ఎన్నికల అధికారికి కాగితం పెట్టాడు. తమ అభ్యర్థి పేరు వచ్చిన రోజున ముఖారి వేశారనీ, అది ఏడుపు రాగమనీ, అవతలి అభ్యర్థి అప్పలరాజు పేరు వచ్చిన రోజున మంగళకరమైన కల్యాణి వేశారనీ, ఇది పచ్చి పక్షపాతమనీ దాని సారాంశం. మర్నాడు అప్పలరాజు ఏజెంటు పైడిరాజు కూడా ఒక కాగితం పెట్టాడు. దేవీప్రసాద్ పేరు వచ్చిన మొదటి రోజున సంతోషపు రాగం మోహన వేశారు కదా, దాని సంగతేమిటని.

మామయ్యగారు ఆ రెండు కాగితాల నకళ్ళూ కళ్ళజోడు తుడుచుకుని చదివారు. కోప్పడతారనుకున్నాను. “పావనీ, వీళ్ళు రాగాల పేర్లు తప్పుల్లేకుండా రాసేరే,” అన్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

ఎన్నికల అధికారి పెద్దమనిషి. చాలాసేపు నెత్తి గోక్కుని, ఎవరి పేరు వచ్చినా ఒకే రాగం వెయ్యాలనీ, ఆ రాగం ఏదో ఇద్దరు ఏజెంట్లూ కూర్చుని ఒప్పుకోవాలనీ రాసిచ్చారు. అలా ఒక ఆదివారం మధ్యాహ్నం గవరపాలెంలో మా వరండాలో త్రినాథ్ ఒక వైపు, పైడిరాజు ఒక వైపు, మధ్యలో చాప మీద మామయ్యగారు ఫిడేలుతో కూర్చున్నారు. మార్కెట్లో బెల్లం దిమ్మ పగలగొట్టి రుచి చూపించినట్టు ఒక్కో రాగం అయిదేసి నిమిషాలు వాయించి చూపించారు.

“ఇది ఆనందభైరవి.”

“ఆనందం మాటే వద్దు మామా,” అన్నాడు త్రినాథ్. “పేరెత్తినప్పుడల్లా ఆనందమంటే జనం ఏటనుకుంటారు, గెలిసిపోయేడనుకోరా?”

“నాట?”

“ఇది మరీ హుషారుగుంది. ఊరేగింపులాగుంది,” అన్నాడు పైడిరాజు.

“శంకరాభరణం?”

“మా బావ మొన్ననే శివాలయానికి సున్నం ఏయించేడు. అది వాళ్ళకి కలిసొచ్చేత్తాది,” అన్నాడు త్రినాథ్ అవతలివాణ్ణి చూపించి. అవతలివాడు అది తన తప్పన్నట్టు తల వంచుకున్నాడు.

అత్తయ్యగారు టీ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్ళారు. వంటింటి కిటికీ తలుపు ఓరగా తెరిచే ఉంది. నాలుగు రాగాలు, అయిదు రాగాలు అయ్యాయి. ఇద్దరూ కాదనడం మానేసి వినడం మొదలుపెట్టారు. ఒక దశలో పైడిరాజు ఫోను మోగితే త్రినాథ్ విసుక్కుని “కట్టేయ్ బావా” అన్నాడు. చివరికి మామయ్యగారు మధ్యమావతి ఎత్తుకున్నారు.

“కచేరీ అయ్యాక చివర్లో వాయిస్తారు బాబూ దీన్ని. అంతకు ముందు ఏవన్నా తప్పులు దొర్లి ఉంటే ఇది సరిచేస్తుందని మావాళ్ళ నమ్మకం. ఇందులో గెలుపూ లేదు, ఓటమీ లేదు.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తప్పులంటే అవతలివాళ్ళవేనని ఇద్దరికీ తోచి ఉంటుంది. వెంటనే సంతకాలు పెట్టేశారు.

ఆ సాయంత్రమే స్టూడియోలో ఆ రాగం రికార్డు చేశాం. ఇరవై నిమిషాలు, ఒకే విడత. నాకు సంగీతం తెలియదు. అది అయ్యేసరికి నేను కుర్చీ చివర కూర్చుని ఉన్నాను, చేతులు ఒళ్ళో ఉన్నాయి. మామయ్యగారు చెమట తుడుచుకుంటూ, “ఇది బాగా వచ్చింది. నా జన్మలో ఇంత బాగా ఇంకోసారి రాదు,” అన్నారు. తన గురించి తను అలా చెప్పుకోవడం నేను అంతకు ముందు వినలేదు.

అంతా కుదిరిందనుకున్నాం. అక్కడే దెబ్బతిన్నాం. వరండాలో దోస్తీ కుదిరిన ఏజెంట్లిద్దరూ ఎందుకొచ్చిన గొడవని తమ తమ వాళ్ళకి గట్టిగా చెప్పేశారు, రేడియోలో ఎవరూ పేర్లెత్తొద్దని. మర్నాటి నుంచి జనం ఎంత పద్ధతిగా మాట్లాడారంటే, బడి పిల్లలు పాఠం అప్పజెప్పినట్టుంది. “అది ఎవరు చేసేరో నేను చెప్పనండి, పని మాత్రం అవ్వలేదండి,” అనేవారు. ఒక రోజు గడిచింది, రెండు గడిచాయి, ఆరు గడిచాయి. ‘అడిగేద్దాం’ ముప్పై నిమిషాలూ నిండుగా సాగింది. పొద్దున్న అయిదున్నరకు మామూలే, ఊరు నిద్రలో ఉంది. లెక్క నలభై ఒకటి దగ్గర ఆగిపోయింది.

మామయ్యగారు ఎనిమిదింటికి ఇంట్లో పేపరు అడ్డం పెట్టుకుని రేడియో వినేవారు. పేజీ తిప్పేవారు కాదు. ఎవరో ఒకరు పొరపాటు పడకపోతారా అని ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు, పక్కవాళ్ళ పొరపాటు కోసం ఎదురుచూస్తున్నందుకు సిగ్గుపడుతున్నారనీ తెలుసు. నాకు ఆయన్ని చూస్తే జాలేసేది.

ప్రచారం ముగిసే ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర అన్నారు, “పావనీ, దేముడమ్మగారికి చెప్పెయ్. అయిదున్నర కుర్చీ డాక్టరుగారికి ఇచ్చేయమను. మంచిదే. నా వాయిద్యం కన్నా పాడి గేదెలు ముఖ్యం.”

నవ్వుతూనే అన్నారు. అత్తయ్యగారు చారు గిన్నె దగ్గరికి లాక్కున్నారు. అందులో ఉప్పు రెండుసార్లు పడింది. అందరం అలాగే తిన్నాం.

మర్నాడు ఎన్నికలకు ముందు ఆఖరి ‘అడిగేద్దాం’. అత్తయ్యగారు గాజు తలుపుకు అవతల, నేను ఇవతల. ఇరిగేషన్ ఇంజనీరు లైన్లో ఉన్నాడు. గవరపాలెం కాలువ ఉగాదిలోగా తవ్విస్తామని అతని చేత మూడుసార్లు చెప్పించి, తారీఖు రాసుకుని, లైను కట్ చేయించేశారు. గడియారం చూశారు. ఎనిమిదీ పది. ఆ తర్వాత కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నారు.

“ఎల్లుండి ఓటు. అందరూ వెళ్ళి వెయ్యండి. మన మండలంలో పోటీ చేస్తున్నవారు ఇద్దరు,” అని, ఆ ఇద్దరి పేర్లూ ఇంటి పేర్లతో సహా, పార్టీలతో సహా, బళ్ళో హాజరు పిలిచినట్టు నిదానంగా చదివారు. ఒకరి పేరు ఎంత సేపు పలికారో రెండోవారి పేరూ అంతే సేపు పలికారు.

నా చెయ్యి కదల్లేదు. ఆవిడ గాజులోంచి నన్ను చూశారు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే కోడలు దిక్కులు చూస్తున్నప్పుడు ఏ అత్తగారైనా చూసే చూపే అది. నొక్కాను. మైకు ఆగింది, మధ్యమావతి మొదలైంది.

ఆవిడ లేచి రాలేదు. చెవులకి పెట్టుకున్నవి తియ్యలేదు. మోచేతులు బల్ల మీద ఆనించి ఇరవై నిమిషాలూ అలాగే విన్నారు.

ఆ రోజు పాట గురించి అరవై మూడు ఫోన్లు వచ్చాయి. అందులో ఒకటి త్రినాథ్‌ది. “ఇంత బాగుంటాదని తెలిత్తే ముందే నోరు జారేవోళ్ళం కదా,” అన్నాడు.

రెండు పేర్లూ సమానంగానే రావడంతో ఏజెంట్లెవరూ కాగితం పెట్టలేదు. దేముడమ్మ పుస్తకం తెప్పించుకుని చూసింది. కొంగు దోపుకుంది. “లెక్క లెక్కే. రూలు రూలే. బాబు పాట ఉంటాది. తులసమ్మ ఆరు నెల్లు మైకు ముట్టుకోకూడదు.” పుస్తకం మూసింది. “ఎనిమిదింటి కుర్సీ కాళీ అయింది కదా. బాబునే కూకోమనండి. అయిదున్నరకి గేదెల డాట్రు.”

ఇంటికొచ్చాక మామయ్యగారు అడిగారు, “నోరు జారిందా తులసీ?”

“వయసొచ్చింది కదండీ. ఏదో ధ్యాసలో అనేసేను.”

“ఆఁ,” అన్నారాయన. ఆ తర్వాత రోజూ ఆవిడ ఇంట్లో ఏం చెయ్యాలో తోచక, తోమిన గిన్నెలే మళ్ళీ తోమారు. ఎనిమిదవుతుంటే చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, గుర్తొచ్చి వెనక్కి వచ్చేవారు. అది చూడటం నాకు కష్టంగానే ఉండేది. ఎన్నికల్లో ఎవరు గెలిచారంటారా, మా స్టేషనువాళ్ళం పేర్లు చెప్పకూడదు.

అప్పటిదాకా ఎనిమిదింటికి పాత రికార్డులే వేశాం. ఉగాది వెళ్ళిన వారానికి మామయ్యగారు ఎనిమిదింటి కుర్చీలో కూర్చున్నారు. పావుగంట వాయించారు. ఫిడేలు పక్కన పెట్టి, దేముడమ్మను ముందే ఒప్పించి ఉంచిన మాట చెప్పారు.

“ఇకనుంచి సగం టైము పాట, సగం టైము మీ సమస్యలు. నాకు ఆవిడంత చేతకాదు. అయినా అడుగుతాను. ఫోను చెయ్యండి.”

మొదటి ఫోను నంబరు చూసి వెనక నిలబడ్డ దేముడమ్మకేసి తిరిగాను. మా ఇంటి నంబరు. “మైకు ముట్టుకోవద్దన్నాం గానీ ఫోను ముట్టుకోవద్దన్లేదు కదా. ఇయ్యి,” అంది దేముడమ్మ.

“నమస్కారం. పేరు, ఊరు చెప్పండి,” అన్నారు మామయ్యగారు.

“రామతులసి, గవరపాలెం. మా కాలవ ఉగాదిలోగా తవ్విత్తామన్నారు. ఉగాది వెళ్ళి వారమైంది. ఇంజనీరుగారిని అడుగుతారా, లేపోతే ఫిడేలే వాయిత్తారా?”

“అడుగుతాను. అంతకు ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి.”

“అడగండి.”

“ఆ రోజు మీకు నోరు జారిందని ఊరంతా అనుకుంటోంది. నోరు జారిన మనిషి గొంతు తడబడుతుంది, కిందికి దిగుతుంది. మీ గొంతు రెండు పేర్లకీ ఒకే స్థాయిలో, పంచమం మీద నిలబడినట్టు నిలబడింది. నలభై ఏళ్ళుగా వింటున్నాను, నాకు తెలీదా?” ఆయన మైకు దగ్గరికి జరిగారు. “ఈ కుర్చీ అంటే నీకు ప్రాణం. నా కోసం ఎందుకు వదిలేసుకున్నావు తులసీ?”

అవతల నిశ్శబ్దం. ఆఫీసర్ల చేత నీళ్ళు తాగించిన మనిషికి మాట రాలేదు. గాలిలో అయిదు సెకన్లకు మించి నిశ్శబ్దం ఉండకూడదని మా స్టేషనులో ఇంకో రూలుంది, ఏదో ఒక పాట వేసెయ్యాలి. ఆరు అయ్యాయి. ఏడు అయ్యాయి. నా వేలు బటన్ మీదే ఉంది. దేముడమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసేసింది.

పాతిక ఊళ్ళు ఆ నిశ్శబ్దాన్ని విన్నాయి. ఒక్కరూ రేడియో కట్టలేదని తర్వాత చెప్పుకున్నారు. పదకొండో సెకనులో అత్తయ్యగారు గొంతు సవరించుకున్నారు.

“ముందు కాలవ సంగతి కనుక్కోండి. ఈ మాట మీరు ఇంటికొచ్చేక చెప్తాను.”